తలనొప్పికి మాలిష్

నా చేతులకు బహ్రెయిన్‌లోని ఈ సల్మాబాద్‌లో మంచి పేరుంది. నేనూ చెప్పుకుంటాను గానీ, నాకంటే ముందు చుట్టుపక్కల గ్యారేజీల వాళ్లే చెబుతారు. కటింగ్ ఎవరైనా చేస్తారు. కటింగ్ అయ్యాక నెత్తిన చల్లనూనె పోసి, రెండు బొటనవేళ్లూ మెడ వెనక గుంతలో ఆనించి, అక్కడి నుంచి మాడు దాకా పిండుకుంటూ వచ్చే మాలిష్ మాత్రం మా నాయన దగ్గర నేర్చినవాడికే వస్తుంది. మా జగిత్యాల వైపు దుకాణాల్లో మాలిష్ అడిగి చేయించుకునేది కాదు, కటింగ్ వెంట ఊరికే వచ్చేది. తలనొప్పి అన్న మనిషిని మాలిష్ చేయకుండా పంపితే మా నాయన ఆ పూట అన్నం సరిగా తినేవాడు కాదు.

మా సెలూన్‌లో మూడు కుర్చీలు. మూడోది నాది. నడిపే ఆయనది హైదరాబాద్ పాతబస్తీ, అందరం సేఠ్ అంటాం. ఇక్కడ సెలవు రోజు కాబట్టి శుక్రవారం పొద్దున దుకాణానికి పండగ, నా కాళ్లకు శిక్ష. వారమంతా గ్రీజులో మునిగినవాళ్లు ఆ ఒక్క పూటా మనుషుల్లా కనబడాలని వస్తారు. బెంచీ నిండిపోయి గుమ్మం బయట కూడా నిలబడతారు.

ముందు ఒక తప్పు ఒప్పుకోవాలి. ఆఫ్రికా వాళ్లు ఎవరైనా గుమ్మంలోంచి తొంగిచూస్తే మేము ముగ్గురం ఒకే మాట చెప్పేవాళ్లం: మిషిన్ ఖరాబ్. చేతిలో మిషిన్ గుయ్యిమంటూనే ఉండేది. ఆ జుట్టు మాకు కత్తిరించడం రాదన్నది సగం నిజం. మిగతా సగం రాయడానికి సిగ్గుగా ఉంది. వాళ్లను కూర్చోబెడితే బెంచీ మీదున్న మనవాళ్లు మొహం ముడుచుకుంటారని. మనవాళ్లు వాళ్లను పిలిచే పేరు ఇక్కడ రాయను. పైగా నేనేమైనా పచ్చటి మనిషినా? నా పెళ్లిచూపుల ఫోటోకి కోరుట్ల స్టూడియో అతను పౌడర్ డబ్బా మొత్తం ఖాళీ చేశాడు.

ఒక శుక్రవారం ఒకాయన తొంగిచూడకుండా నేరుగా లోపలికొచ్చి, వరసలో కూర్చుని, తన వంతు రాగానే నా కుర్చీలో కూర్చున్నాడు. మా వీధి వెనక గోదాముల గేటు దగ్గర సెక్యూరిటీ గార్డు. కెన్యా మనిషి. నాకంటే నాలుగైదేళ్లు పెద్ద, ఎత్తరి. నా తొడంత లావు చేతులు. నేను అలవాటుగా మిషిన్ ఖరాబ్ అన్నాను. ఆయన అద్దంలో నన్ను చూస్తూ, "ఇప్పుడే ఆ తల మీద బాగానే నడిచింది కదా. నా తల మీద ఎందుకు నడవదు?" అన్నాడు. మేం మాట్లాడుకునేది హిందీ, ఇంగ్లీషు, కొంచెం అరబీ కలిపి ఉడికించిన కిచిడీ. రాయడానికి తెలుగు చేస్తున్నాను.

అబద్ధం దొరికిపోయాక నిజమే చెప్పాలి. "నాకు రాదు భాయ్," అన్నాను.

"రాకపోతే నేర్పుతాను," అన్నాడు.

నేర్పాడు కూడా. చిన్న అద్దం చేత్తో పట్టుకుని, మెడ వెనక కత్తి పెట్టొద్దన్నాడు. నున్నగా గీస్తే ఆ ఉంగరాల వెంట్రుక తిరిగి చర్మంలోకే గుచ్చుకుని పొక్కులవుతుందట. మిషిన్ ఏ వైపు నడపాలో, ఎంత వదలాలో చెప్పాడు. ఇరవై ఏళ్లుగా ఈ పనిలో ఉన్నవాణ్ణి, కుర్చీలో కూర్చున్నవాడు నాకు పని నేర్పడమేమిటని లోపల కాస్త మండింది. కానీ తల తయారయ్యాక అద్దంలో చూస్తే ఎంత అందంగా వచ్చిందో. ఆ సంతోషంలో నూనె సీసా అందుకుని మాలిష్ మొదలుపెట్టాను. ఆయన కళ్లు మూసుకున్నాడు. అయిపోయాక కూడా చాలాసేపు తెరవలేదు.

తర్వాతి వారం ఇద్దరిని వెంటబెట్టుకొచ్చాడు. మొహం ముడుచుకున్న మనవాళ్లు నెల తిరిగేసరికి మామూలయ్యారు. తమ వంతు పోనంత కాలం ఎవరు కూర్చుంటే వాళ్లకేం? మా వీధిలో ఆ జుట్టు కత్తిరించగల చెయ్యి నాదొక్కటే అయింది. సేఠ్ నన్ను కొత్తగా గౌరవించడం మొదలుపెట్టాడు.

కెన్యా భాయ్ మాత్రం కటింగ్ ఉన్నా లేకపోయినా ప్రతి శుక్రవారం వచ్చేవాడు. రాత్రి డ్యూటీ దిగి నేరుగా వచ్చేవాడు, తల వెనక నొప్పి అంటూ. నేను మెడ గుంతలో వేళ్లు పెట్టగానే హమ్మయ్య అన్నట్టు భుజాలు దించేవాడు. "క్లినిక్ మాత్రల కంటే నీ చెయ్యి మంచి మందు," అనేవాడు. నేను ఉబ్బిపోయాను. బెంచీ మీద కూర్చున్న ప్రతివాడికీ ఆ మాట చెప్పాను. మా ఆవిడకు ఫోన్‌లో రెండుసార్లు చెప్పాను. ఏడెనిమిది నెలలు ఆ తలను అలా పిసికాను.

పోయిన ఏడాది చలికాలంలో దగ్గు తగ్గక వీధి చివరి క్లినిక్‌కు వెళ్లాను. వరసలో కూర్చుని మా ఆవిడతో ఫోన్లో మాట్లాడుతుంటే నర్సు వచ్చి, "తెలుగువారా? ఏ ఊరండీ మీది?" అంది. ఆవిడది గోదావరి జిల్లా. కూర్చోబెట్టి, మోచెయ్యి పైన దండకు పట్టీ చుట్టి బీపీ చూసింది. ఎక్కువుంది. కంగారు పడకండంటూ మంచినీళ్లిచ్చింది. కాసేపాగి మళ్లీ చూసింది, ఇంకాసేపాగి మళ్లీ చూసింది. మూడుసార్లు.

"తలనొప్పి వస్తుంటుందా అండీ?"

"అప్పుడప్పుడు వస్తది మేడం. నా నెత్తి నేనే మాలిష్ చేసుకుంట."

"మాలిష్ చేస్తే నొప్పి తగ్గొచ్చు గానీ బీపీ తగ్గదండీ. అసలు ఏ నొప్పీ లేకుండా కూడా ఉంటుందది," అంది. డాక్టర్‌కు చెప్పి మాత్రలు రాయించింది. ఇంట్లో చూసుకునే బీపీ మిషిన్ ఒకటి కొనుక్కోమంది.

క్లినిక్ మెట్లు దిగుతుంటే నాకు నా బీపీ గుర్తు లేదు. డ్యూటీ దిగిన పొద్దున, తల వెనక నొప్పి, వారం వారం. ఆ నొప్పిని నేను నా పేరు కోసం పిసికాను. ఒక్కసారైనా ఎందుకొస్తోందని అడగలేదు. ఎండలో నిలబడి చేతుల వైపు చూసుకుంటే, ఆ చేతుల మీద నాకు మొదటిసారి కోపం వచ్చింది.

శుక్రవారం ఆయన కూర్చోగానే అడిగాను, ఎప్పుడైనా బీపీ చూపించుకున్నావా అని. ఆయన చెప్పిన మాటలు ఇంకా చెవిలో ఉన్నాయి. అదే క్లినిక్‌కు మూడుసార్లు వెళ్లాడట. డాక్టర్ కాగితం మీంచి తల ఎత్తకుండా, రాత్రి డ్యూటీ తప్పించుకోవాలని చూస్తున్నావా అన్నాడట. మూడుసార్లూ తలనొప్పి మాత్రలే. ఒకసారి నర్సు పట్టీ చుట్టింది. చెయ్యి లావు, పట్టీ పట్టక పట్టున ఊడిపోయింది. రెండోసారి చుడితే మళ్లీ ఊడింది. "మడిచి పక్కన పెట్టేసింది. కాగితం మీద మాత్రం ఏదో అంకె రాసింది," అన్నాడు. "మీ దుకాణంలో వినబడే భాషలోనే ఫోన్ మాట్లాడుతుండె."

మూడుసార్లు వెళ్లినవాడికి ఒక్కసారీ చూడలేదు. ఒక్కసారి వెళ్లిన నాకు మూడుసార్లు చూశారు. ఒకే క్లినిక్, ఒకే కుర్చీ, ఒకే ఆవిడ. ఆవిడను తిట్టుకుందామనుకున్నాను గానీ నోరు రాలేదు. పట్టీ సరిపోలేదని ఆవిడ పక్కన పెట్టడమూ, మిషిన్ ఖరాబని నేను గుమ్మంలోంచి పంపడమూ వేరు వేరు పనులు కావు.

నేను కొన్న బీపీ మిషిన్ దువ్వెనల అరలో ఉంది. తీసి ఆయన దండకు చుట్టాను. పట్టున ఊడింది. "చూశావా, మీ పట్టీలన్నీ ఒకదానికొకటి చుట్టాలే," అని నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. ఆదివారం సేఠ్‌ను బతిమాలి బస్సెక్కి రాజధాని మనామా వెళ్లి, నాలుగు మందుల షాపులు తిరిగి, నా మిషిన్‌కే సరిపోయే పెద్ద పట్టీ పట్టుకొచ్చాను. వస్తువు దొరకడం కష్టం కాదు. అడిగేవాడు కావాలంతే.

తర్వాతి శుక్రవారం చూస్తే పై అంకె రెండు వందలకు దగ్గరలో ఆగింది. ఆయన నమ్మలేదు. నా చేతికి కట్టి చూడమన్నాడు. చూశాను, మాత్రలు పడ్డాక నాది దిగింది. మళ్లీ ఆయనది చూస్తే మళ్లీ అక్కడే. సేఠ్ గల్లా దగ్గర నుంచి, "అరే, ఇది సెలూనా, దవాఖానానా? బెంచి మీదోళ్లు చూస్తున్నరు," అన్నాడు. చూడనీ అన్నాను.

"క్లినిక్‌కు పోదాం పా," అన్నాను ఆయనతో.

ఆయన తల అడ్డంగా ఊపాడు. తన గదిలోనే ఉండే ఒకతనికి ఇలాగే తల నొచ్చేదట. ఒకనాడు పొద్దున లేవలేకపోయాడు. ఒక కాలూ ఒక చెయ్యీ పడిపోతే, అన్‌ఫిట్ అని రాసి చక్రాల కుర్చీలో విమానం ఎక్కించారు. "కాగితం మీద నా అంకె బాగుంది. దాన్ని ఎందుకు పాడుచేసుకోవాలి? నువ్వు మాలిష్ చెయ్యి చాలు," అని కళ్లు మూసుకున్నాడు.

అన్‌ఫిట్ అనే మాటకు భయపడని మనిషి గల్ఫ్‌లో ఉంటాడా? నాకూ ఉంది ఆ భయం. అందుకే ఆయన మీద కోపం రాలేదు, భయం వేసింది. నూనె సీసా మూత బిగించి అరలో పెట్టేశాను. "మాలిష్ చెయ్య. డాక్టర్‌కు చూపించుకునేదాకా నీ నెత్తి ముట్టను," అన్నాను.

పుట్టి బుద్ధెరిగాక తలనొప్పి అన్న మనిషికి కాదని చెప్పడం అదే మొదలు. ఆయన కళ్లు తెరిచి అద్దంలో నన్ను చూశాడు. "నువ్వు కూడానా?" అని లేచి వెళ్లిపోయాడు.

రెండు శుక్రవారాలు రాలేదు. నా చేతులు ఆడలేదు. ఒక మలయాళీ పెద్దమనిషి మీసం ఒక పక్క పొట్టి చేసి తిట్లు తిన్నాను. గోదాము గేటు దాకా వెళ్లొద్దామని చెప్పులు వేసుకుని, ఏ మొహంతో పోవాలో తెలియక మళ్లీ విప్పేశాను. "తప్పు చేసిననా?" అని మా ఆవిడను అడిగితే, "ఆయన మంచికే చేసినవ్. గని కొంచెం నిమ్మలంగ చెప్తే ఏం పోయె? నీ నోటికి ఆగుడు రాదు," అంది. ఆ మాట మా ఇంట్లో కొత్తది కాదు.

మూడో శుక్రవారం కాదు, మధ్యలో మంగళవారం వచ్చాడు. కుర్చీలో కూర్చోలేదు. ఆయన పని గేటులోకి వచ్చే లారీల నంబర్లు రాయడం. ఆ పొద్దున ఎదురుగా ఆగిన లారీ నంబరు కనబడలేదట. ఒక కంటికి అంతా పొగలా ఉందట. ఊహించి రాస్తే తప్పు పడింది. "కళ్లు లేని గార్డు ఎవరికి కావాలి? ఇవాళ వెళ్తాను. కానీ నువ్వు రావాలి," అన్నాడు. నేను మిషిన్ ఆపి, సగం కటింగ్‌లో ఉన్న మనిషిని పక్క కుర్చీకి అప్పగించాను. సేఠ్ ఏమన్నాడో వినలేదు.

క్లినిక్‌లో ఆ నర్సే ఉంది. నన్ను చూసి నవ్వి, "బీపీ ఎలా ఉందండీ?" అంది.

"నాది మంచిగనే ఉన్నది మేడం. ఈయన మా అన్న. నాకెట్ల చూసిన్రో ఈయనకు గట్లనే చూడున్రి, మూడుసార్లు," అన్నాను.

ఆవిడ ఆయనను చూసింది, ఆయన చేతిని చూసింది. గుర్తొచ్చిందని మొహంలోనే తెలిసింది. లోపలికెళ్లి బీరువా తీసి పెద్ద పట్టీ తెచ్చింది. ఇంకా ప్లాస్టిక్ కవర్ కూడా విప్పనిది. అంకె చూశాక డాక్టర్ గదిలోకి తనే పరుగున వెళ్లింది. ఈసారి డాక్టర్ తల ఎత్తాడు. కన్ను, గుండె, మూత్రపిండాలు చూడాలని పెద్దాసుపత్రికి చీటీ రాసి, అప్పటికప్పుడు మాత్ర వేయించి, అక్కడే కాసేపు పడుకోబెట్టాడు. మనిషి చెడ్డవాడు కాదు, తల ఎత్తే అలవాటు లేదు. వచ్చేటప్పుడు నర్సు నాతో మెల్లగా, "పొరపాటైందండీ," అంది. నాకెందుకు చెబుతారు, ఆయనకు చెప్పండన్నాను. చెప్పింది.

పెద్దాసుపత్రిలో నాలుగు రోజులు ఉంచారు. కంటి లోపల కొంచెం దెబ్బ తగిలింది గానీ చూపు నిలబడింది. ఇంకాస్త ఆగి ఉంటే చెప్పలేమన్నారు. ఎవరూ అన్‌ఫిట్ రాయలేదు. పైగా ఆ డాక్టర్ రాసిన కాగితం చూసి కంపెనీ వాళ్లు పగలు డ్యూటీకి మార్చారు.

సంతోషించాను, నిజంగా. చాయ్ తాగుతూ నా సంతోషం నేనే వివరించుకుంటుంటే ఆయన అడ్డం వచ్చాడు. "భాయ్, ఆ రోజు వాళ్లు తల ఎత్తింది నా నొప్పికి కాదు, నీ మాటకు. నేను ముందు మూడుసార్లు చెప్పింది కూడా అదే నొప్పి. నువ్వు సెలవు మీద ఇంటికి పోతే నేనేం చెయ్యాలి?"

నిజానికి నా సెలవు దగ్గర్లోనే ఉంది.

జవాబు ఆయనే వెతుక్కున్నాడు. లారీల నంబర్లు రాసే చెయ్యి కదా, ఒక నోటుబుక్కు పెట్టాడు. శుక్రవారం శుక్రవారం తేదీ వేసి, రెండుసార్లు చూసి, రెండు అంకెలూ రాయడం. తనవే కాదు. బెంచీ చివర కూర్చుని, చిన్న పట్టీ, పెద్ద పట్టీ ఒళ్లో పెట్టుకుని, కుర్చీ ఎక్కబోయే తన వాళ్ల చేతులన్నీ పట్టుకుని బీపీ చూసేవాడు. ఉగాండా వాళ్లు, కెన్యా వాళ్లు, ఘనా వాళ్లు. క్లినిక్ గుమ్మం తొక్కడానికి భయపడేవాళ్లు సెలూన్ బెంచీకి భయపడరు. తలనొప్పి అంటే ముందు చెయ్యి ఇవ్వాలి, తర్వాతే నెత్తి నా దగ్గరకు రావాలి. నిజామాబాద్ మేస్త్రీ ఒకతను, "నాకేం రోగం, గుండు లెక్కున్న," అంటే, "గుండ్రాయికి కూడా ఒకసారి చూద్దాం," అని అతని చెయ్యీ లాగాడు. దవాఖానానా అని గింజుకున్న సేఠ్ ఇప్పుడు దుకాణం తెరవగానే తన చెయ్యే ముందు చాపుతున్నాడు, బోణీ అంటాడు.

ఎక్కువ వచ్చినవాణ్ణి ఆయన భయపెట్టడు. తన కన్ను చూపించి, తన గదిలో ఉండే అతని సంగతి చెబుతాడు. ఇన్నేళ్లలో నేను ఎన్నో గొప్పలు చెప్పుకున్నాను గానీ, ఆ బెంచీ చివర ఆయన చేసే పని ముందు నా మాలిష్ ఎంత?

నేను రెండు నెలల సెలవు మీద ఇంటికి వెళ్లాను. వెళ్లేముందు క్లినిక్ నర్సు దగ్గర నా పేరు చెప్పమని ఆయనకు పదిసార్లు చెప్పాను. నా పేరు చెబితే పని అవుతుందన్నాను. పెద్దమనిషిలా భుజం కూడా తట్టాను. ఊళ్లో ఉన్నన్నాళ్లూ శుక్రవారం వస్తే మనసు ఇక్కడే ఉండేది. మా ఆవిడ, "నీ పట్టీ దుబాయిలనే మర్చిపోయి వచ్చినవా ఏంది?" అని ఏడిపించింది. బహ్రెయిన్ అని ఎన్నిసార్లు చెప్పినా ఆమెకు ఇదంతా దుబాయే.

తిరిగొచ్చిన శుక్రవారం ఆయన బెంచీ చివరే ఉన్నాడు. పని కొంచెం సద్దుమణిగాక చాయ్ తెప్పించి అడిగాను, మాత్రలు మార్చుకోవడానికి క్లినిక్‌కు వెళ్లావా అని. వెళ్లానన్నాడు. ఒంటరిగానా? ఒంటరిగా కాదు, తనవాళ్లు ఇద్దరిని తీసుకెళ్లాడట, నోటుబుక్కు చంకలో పెట్టుకుని. డాక్టర్ ఆ పేజీలు తిరగేసి, వాళ్లిద్దరినీ కూర్చోమని చెప్పి, ఒక్కొక్కరికీ తనే చూశాడట. పెద్ద పట్టీ ఇప్పుడు బీరువాలో కాదు, గోడకు తగిలించి ఉందట.

నాకు ఎంత గర్వమయిందంటే, అదంతా నా ఘనతే అనిపించింది. "మరి నా పేరు చెప్పినవా?" అని అడిగాను.

ఆయన చాయ్ గ్లాసు పక్కన పెట్టాడు.

"లేదు భాయ్," అన్నాడు. "నా పేరు చెప్పాను."